నెట్ పంచుదాం... నెట్‌వర్క్ కాదు!

పక్క ఫ్లాట్‌లో నెట్ పోయింది. పిల్లాడికి తెల్లారితే ఆన్‌లైన్ పరీక్ష. ‘వదినా, మీ వైఫై పాస్‌వర్డ్ కాస్త చెబుతారా’ అని అడిగితే కాదనేవాళ్లు మన దగ్గర తక్కువ. కాదనాల్సిన పనీ లేదు. కాకపోతే ఆ ఒక్క మాటతో మనం నెట్ ఒక్కటే ఇస్తున్నామా, ఇంకేమైనా ఇచ్చేస్తున్నామా అన్నది చూసుకోవాలి. ఇవ్వాల్సింది మాత్రమే ఇచ్చే పద్ధతులున్నాయి. అరగంట తీరిక చేసుకుంటే చాలు.

కూకట్‌పల్లిలోనో, విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరో ఏ అపార్ట్‌మెంట్ మెట్ల మీదైనా నిలబడి ఫోన్‌లో వైఫై తెరవండి. పేర్ల చాంతాడు వస్తుంది. కంపెనీ పేరు, పక్కన నాలుగంకెలు ఉన్నవి కొన్ని. ఇంటి పేరూ ఫ్లాట్ నంబరూ కలిపి పెట్టుకున్నవి కొన్ని. ‘అడగొద్దు, ఇవ్వను’ అని ముందే తేల్చి చెప్పే చమత్కారులు ఒకరిద్దరు. దాదాపు అన్నింటి పక్కనా తాళంకప్ప బొమ్మ ఉంటుంది. కానీ ఆ పాస్‌వర్డ్ ఇప్పటికి ఎన్ని ఫోన్లలోకి చేరిందో ఇంటివాళ్లలో చాలామంది చెప్పలేరు.

ఊళ్లలోనూ ఇప్పుడిదే వరస. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఇస్తామంటూ మొదలయ్యాక ఫైబర్ తీగ కరెంటు స్తంభాల మీదుగా పల్లెల దాకా పాకింది. తీగ ఉన్న ఇంటి గోడకు అవతల తీగ లేని ఇల్లు ఉంటుంది. అక్కడ అడగడమూ ఇక్కడ ఇవ్వడమూ సహజమే.

చిక్కల్లా ఇచ్చిన తర్వాత మొదలవుతుంది. పరీక్ష అయిపోతుంది, పక్కవాళ్ల నెట్ బాగవుతుంది, కానీ పాస్‌వర్డ్ వాళ్ల ఫోన్‌లోనే ఉండిపోతుంది. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్‌లో దాచిన పాస్‌వర్డ్‌ను క్యూఆర్ కోడ్‌గా మార్చి ఎవరికైనా చూపించొచ్చు. పక్కింటి అబ్బాయి నుంచి వాళ్ల బావమరిదికి, అక్కడి నుంచి కింద బైకు తుడిచే కుర్రాడికి వెళ్లడానికి క్షణం పట్టదు. వెనక్కి తీసుకోవాలంటే ఒకటే దారి, మార్చేయడం. మార్చితే మన టీవీ, కెమెరా, ప్రింటర్, తాతగారి ట్యాబ్ అన్నింటినీ మళ్లీ ఒక్కొక్కటే కలుపుకోవాలి. ఆ తలనొప్పికి జడిసి ఎవరూ మార్చరు.

పక్కాయన ఏం చూడగలడు?

ముందుగా లేనిపోని భయం ఒకటి తీసేద్దాం. వైఫై పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన పక్కింటాయన మీ బ్యాంకు ఖాతా ఖాళీ చేయలేడు. యూపీఐ యాప్‌లూ, బ్యాంకు సైట్లూ, వాట్సాప్ సందేశాలూ ఫోన్‌లోనే గుప్తలిపిలోకి మారి బయటికి వెళ్తాయి. మధ్యలో ఎవరు పట్టుకున్నా చదవలేరు. మీరు ఏ సైటుకు వెళ్తున్నారన్నది మాత్రం, కాస్త విద్య తెలిసినవాడైతే, పసిగట్టవచ్చు. 2004 నుంచి ఇళ్లలో వాడుతున్న డబ్ల్యూపీఏ2 రక్షణలో ఒక లోపం ఉంది. పాస్‌వర్డ్ తెలిసినవాడు, మీ ఫోన్ రూటర్‌తో కలిసే క్షణంలో గాలిలో వెళ్లే సంకేతాలను పట్టుకుంటే, ఆ తర్వాత మీ ఫోన్ పంపేవాటి పైపొరను విప్పగలడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిచేసింది.

అసలు ముప్పు వేరే చోట ఉంది. పాస్‌వర్డ్ ఇచ్చామంటే ఇంటర్నెట్ ఒక్కటే ఇచ్చినట్టు కాదు. మన ఇంట్లోని పరికరాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లోపలి నెట్‌వర్క్‌లోకి పిలిచినట్టు. హాల్లో టీవీ, గుమ్మం కెమెరా, ప్రింటర్, కంప్యూటర్‌లో షేర్ చేసి మరిచిపోయిన ఫొటోల ఫోల్డర్, అన్నీ అక్కడే ఉంటాయి. అమ్మమ్మ సీరియల్ చూస్తుండగా టీవీలో ఉన్నట్టుండి కార్టూన్ మొదలైందంటే, అవతలి ఇంట్లో పిల్లాడు తన ఫోన్‌లో కనబడ్డ టీవీ పేరు నొక్కి ఉంటాడు. అదైతే నవ్వుకునే సంగతే. కెమెరాకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంటే మాత్రం నవ్వుకోలేం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలనూ, వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లనూ లక్షలాదిగా వశం చేసుకుంది. అది చేసిందల్లా కంపెనీలు పెట్టి వదిలేసిన అరవై చిల్లర పాస్‌వర్డ్‌లను వరసపెట్టి ప్రయత్నించడమే. ఆ అక్టోబరు 21న వాటితో చేయించిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించాయి.

పక్కింటివాళ్లు మంచివాళ్లు కావడం వేరు, వాళ్ల ల్యాప్‌టాప్ మంచిది కావడం వేరు. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన వనాక్రై అనే మాల్‌వేర్, అప్‌డేట్ చేయని విండోస్ కంప్యూటర్ల నుంచి అదే నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లకు, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఒక శాఖలో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకగలిగింది, ఒకే వైఫైలో ఉన్న రెండు ఇళ్ల మధ్య పాకలేదా?

బిల్లు మీద ఎవరి పేరుందో వాళ్ల తలుపే తడతారు

2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కణ్నుంచి వచ్చిందో దర్యాప్తు అధికారులు ఐపీ చిరునామా పట్టుకుని వెతికితే నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాట్ తేలింది. ఆయన్ని విచారించారు, కంప్యూటర్లు తీసుకెళ్లారు. ఆయన వైఫైని ఎవరో వాడుకుని మెయిల్ పంపారని ఆ తర్వాతే బయటపడింది. ఆ ఏడాదే ముంబయిలోని ఒక కాలేజీ వైఫైనీ, చెంబూరులో ఒక కంపెనీ వైఫైనీ కూడా ఇలాగే వాడుకున్నారు. మరుసటి జనవరిలో ముంబయి పోలీసులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, పాస్‌వర్డ్ లేని వైఫైలు ఎక్కడున్నాయో వీధులు తిరిగి వెతికారు. ఫిబ్రవరిలో టెలికాం శాఖ, వినియోగదారుల వైఫై భద్రంగా ఉండేలా చూడాలని ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

అప్పటి వైఫైలు తలుపులు బార్లా తెరిచి పెట్టినవి. ఇప్పుడు పాస్‌వర్డ్ అందరికీ ఉంది. కానీ దర్యాప్తు నడిచే తీరు మారలేదు. బయటి ప్రపంచానికి మీ ఇంట్లోంచి వెళ్లేదీ, మీ వైఫై మీద పక్కింట్లోంచి వెళ్లేదీ ఒకే చిరునామాతో కనిపిస్తాయి. అక్కడి నుంచి తీగ పట్టుకుని వస్తే దొరికేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే. తప్పు మీది కాదని చివరికి తేలవచ్చు. ఈలోగా సమాధానం చెప్పుకోవాల్సిందీ, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అప్పగించాల్సిందీ మీరే.

‘ఫోన్ నంబరే పెట్టేయమంటారా సార్?’

కొత్త కనెక్షన్ ఇచ్చే రోజు టెక్నీషియన్ గోడకు పెట్టె బిగించి, ఫోన్‌లో ఏదో నొక్కుతూ తలెత్తకుండా అడిగే ప్రశ్న ఇది. గుర్తుంటుంది కదా అని మనమూ సరే అంటాం. ఈ అలవాటు మనకొక్కరికే లేదు. 2021లో ఇడో హోర్విచ్ అనే భద్రతా పరిశోధకుడు ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ వీధుల్లో తిరుగుతూ 5,000 వైఫైల సంకేతాలు సేకరించాడు. వాటిలో దాదాపు 70 శాతం పాస్‌వర్డ్‌లను కనిపెట్టగలిగాడు. పెద్ద మంత్రమేమీ వేయలేదు. అక్కడివాళ్లు చాలామంది సెల్‌ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటారని ఊహించి, ముందు వాటినే ప్రయత్నించాడు.

మన లెక్క చూద్దాం. మన మొబైల్ నంబరుకు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లకు మించవు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లను సెకనుకు పది లక్షలకు పైగా ప్రయత్నించగలదు. అన్నీ చూసేయడానికి గంటా పది నిమిషాలు చాలు. పక్కింటివాళ్లకు ఆ శ్రమా అక్కర్లేదు. మీ నంబరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే ఉంది.

గుర్తుండాలీ, గట్టిగానూ ఉండాలంటే పొంతన లేని మామూలు తెలుగు మాటలు నాలుగైదు ఇంగ్లిష్ అక్షరాల్లో పక్కపక్కన పెట్టండి. గోంగూర, నిచ్చెన, బుడగ, తపాలా, మేనత్త. (పత్రికలో పడింది కాబట్టి ఇది మాత్రం పెట్టకండి.) అయిదు వేల మాటల్లోంచి గుడ్డిగా నాలుగు తీసినా, పైన చెప్పిన కార్డుకు అన్నీ ప్రయత్నించడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అయిదో మాట చేరిస్తే లక్ష ఏళ్లు. పాటల పల్లవులూ సామెతలూ వద్దు. మీకు వరసగా గుర్తొచ్చేవి ఎదుటివాడికీ గుర్తొస్తాయి.

గెస్ట్ నెట్‌వర్క్: అసలు ఉపాయం

ఇప్పుడు పరిష్కారానికి వద్దాం. ఈమధ్య వచ్చిన రూటర్లలో చాలావాటికి ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే వీలుంది. ఒకే పెట్టె రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. ఒకటి ఇంటివాళ్లకు, రెండోది వచ్చిపోయేవాళ్లకు. ఇది ఇంటి ముందు అరుగు లాంటిది. వచ్చినవాళ్లు కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, వంటింట్లోకి రారు. గెస్ట్‌లో ఉన్న ఫోన్‌కు ఇంటర్నెట్ అందుతుంది గానీ మీ టీవీ, కెమెరా, ప్రింటర్ కనబడవు. పాస్‌వర్డ్ వేరు కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చేయొచ్చు. మీ పరికరాల్లో ఏదీ మళ్లీ కలుపుకోవాల్సిన పని ఉండదు. ఇస్తే వెనక్కి ఎలా తీసుకోవాలన్న తలనొప్పి ఇక్కడితో తీరిపోతుంది.

పెట్టుకోవడం కష్టమేమీ కాదు. రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఒక చిరునామా ఉంటుంది. చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1, జియో పెట్టెకు 192.168.29.1. ఇంటి వైఫైలోనే ఉండి ఫోన్ బ్రౌజర్‌లో దాన్ని కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. స్టిక్కర్ మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లాలి. వెళ్లగానే చేయాల్సిన మొదటి పని ఆ పాస్‌వర్డ్ మార్చడం. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ పెత్తనానికి సంబంధించింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘అడ్మిన్’ అనే మాటే ఉన్న ఇళ్లు ఎన్నో. ఈ పేజీ ఎవరికైనా చిక్కిందంటే సైట్ల చిరునామాలు వెతికే డీఎన్ఎస్‌ను మార్చి, మనల్ని నకిలీ సైటు గుమ్మంలో దింపగలరు.

గెస్ట్ పెట్టాక దాన్ని పరీక్షించకుండా వదలొద్దు. కొన్ని పెట్టెల్లో, ముఖ్యంగా కంపెనీలు ఉచితంగా ఇచ్చేవాటిలో, రెండో పేరు పెట్టినా లోపల అంతా ఒకటే నెట్‌వర్క్‌గా ఉంటుంది. మీ ఫోన్‌ను గెస్ట్‌కు కలిపి యూట్యూబ్ తెరవండి, టీవీకి పంపే గుర్తు నొక్కండి. హాల్లో టీవీ పేరు కనిపించిందా? అయితే మధ్యలో గోడ లేనట్టే. బ్రౌజర్‌లో రూటర్ పేజీ చిరునామా కొట్టి చూడండి. అది తెరుచుకున్నా అంతే సంగతి. సెట్టింగుల్లో ఐసొలేషన్ అనే మాట ఉంటే ఆన్ చేసి మళ్లీ చూడాలి. అదీ లేకపోతే వెయ్యీ పదిహేను వందల్లో వచ్చే రూటర్ ఒకటి కొనుక్కోవడం మేలు.

తీగ లాగి ఇస్తున్నారా? మూడు పెట్టెలు కావాలి

కొందరు కిటికీలోంచి ల్యాన్ తీగ లాగి పక్కింట్లో వాళ్ల రూటర్‌కు ఇస్తారు. సిగ్నల్ పరంగా ఇదే మెరుగు. గోడ అవతల రెండు గీతల సిగ్నల్‌తో ఈడ్చుకొచ్చే ఫోన్ అదే డేటాకు గాలిలో ఎక్కువ సమయం తీసుకుంటుంది. అది పని ముగించేదాకా మీ ఇంట్లో ఫోన్లూ ఆగాల్సిందే. తీగ అయితే ఆ పేచీ లేదు.

కానీ ఇక్కడొక తిరకాసు ఉంది. మీ రూటర్ వెనక వాళ్ల రూటర్ తగిలిస్తే వాళ్ల పరికరాలు మీకు కనిపించవు, మీవి మాత్రం వాళ్లకు అందుబాటులో ఉంటాయి. చివర ఉన్నవాడికి ముందున్నదంతా దారిలోనే తగులుతుంది మరి. సరైన అమరికకు మూడు పెట్టెలు కావాలి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె మొదటిది, దాని వైఫై ఆపేయాలి. దాని ఒక పోర్టులోంచి మీ సొంత రూటర్‌కు, ఇంకో పోర్టులోంచి వాళ్ల రూటర్‌కు తీగలు వెళ్లాలి. అప్పుడు ఎవరి రూటర్ వెనక వాళ్లు ఉంటారు, ఒకరి టీవీ ఒకరికి కనబడదు. ఆ మొదటి పెట్టె అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి.

వినడానికి బాగున్నా పనికిరానివి

*వైఫై పేరు దాచేస్తే చాలు:* పేరు కనబడకపోయినా సిగ్నల్ ఉంటుంది. ఫోన్లో ఉచితంగా దొరికే యాప్‌లకే అది చిక్కుతుంది.

*ఫలానా ఫోన్లకే అనుమతి అని పెడితే చాలు:* పరికరం గుర్తింపు సంఖ్యను చూసి రానిచ్చే పద్ధతి ఇది. ఆ సంఖ్యను మార్చుకోవడం తేలిక. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లే ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ సంఖ్య చెబుతున్నాయి. దీనివల్ల ఇబ్బంది పడేది ఇంటివాళ్లే.

*బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్ భద్రమే:* బటన్ సంగతి అటుంచితే, దానితోపాటు వచ్చే ఎనిమిదంకెల పిన్ డొల్ల అని 2011లోనే బయటపడింది. రూటర్ దాన్ని రెండు సగాలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఆపేయండి.

*ఏదో ఒక రక్షణ ఉంటే చాలు:* సెట్టింగుల్లో ‘వెప్’ అని ఉంటే వెంటనే మార్చాలి. అది 2001లోనే విరిగిపోయింది. డబ్ల్యూపీఏ3 ఉంటే అదే. పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్నది ఎంచుకోవచ్చు.

ఈ ఆదివారం అరగంట

1. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

2. ‘కనెక్టెడ్ డివైసెస్’ జాబితా తెరిచి ఒక్కొక్కటే చూడండి. ఎవరిదో తేలని పేరు ఉంటే మీ చేతిలోది తప్ప ఇంట్లో ఫోన్లూ, టీవీ లాంటి పరికరాలూ అన్నీ ఆపి మళ్లీ చూడండి. అప్పటికీ అది ఉంటే బయటిదే.

3. ‘కనెక్టెడ్ డివైసెస్’ జాబితా తెరిచి ఒక్కొక్కటే చూడండి. పేరులో ఇంటి పేరు, ఫ్లాట్ నంబరు తీసేయండి. అప్పటికీ అది ఉంటే బయటిదే.

4. గెస్ట్ పెట్టండి, టీవీతో పరీక్షించండి. వేగానికి హద్దు పెట్టే వీలుంటే 20 ఎంబీపీఎస్ ఇవ్వండి. మంచి నాణ్యత గల వీడియోకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది కాబట్టి, ఆన్‌లైన్ క్లాసుకూ పరీక్షకూ లోటుండదు.

5. రూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి. డబ్ల్యూపీఎస్ ఆపండి.

6. కెమెరా, డీవీఆర్‌ల పాస్‌వర్డ్‌లు మార్చండి.

తెలియని ఫోన్ దొంగచాటుగా మీ వైఫైలో తిష్ఠ వేసిందని తేలితే ముందు ఆ జాబితా ఫొటో తీసుకుని, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఇతరుల నెట్‌వర్క్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. మోసం జరిగిందనిపిస్తే 1930కి ఫోన్ చేయాలి.

ఎన్నాళ్లు ఇవ్వాలి?

రెండు రోజుల సాయం వేరు, నెలనెలా సగం బిల్లు పంచుకోవడం వేరు. చాలా కంపెనీల షరతుల్లో కనెక్షన్ తీసుకున్న ఇంటికే వాడుకోవాలని, ఇతరులకు అమ్మకూడదని ఉంటుంది. పక్కవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటే అది సాయం కాకుండా పోతుంది. మాట పడాల్సి వస్తే మీరే పడాలి. ఖర్చు చూసినా దానివల్ల మిగిలేది కొంచెమే. నెలకు 399 రూపాయల ఫైబర్ ప్లాన్లూ ఉన్నాయి. 18 శాతం జీఎస్టీ కలిపినా 471. రెండు ఇళ్లవాళ్లూ ఎప్పటికీ వాడుకునేట్టయితే రెండు కనెక్షన్లు ఉండటమే అందరికీ క్షేమం. ఒకరి నెట్ పోయిన రోజున ఇంకొకరి గెస్ట్ ఎలాగూ అక్కరకొస్తుంది.

పరీక్షలున్నప్పుడు, తీగ తెగినప్పుడు, కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కనెక్షన్ వచ్చేదాకా, ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇవ్వండి, మొహమాటం లేకుండా ఇవ్వండి. ఇచ్చేటప్పుడే మాట తేటగా ఉంటే తర్వాత నొచ్చుకోవడాలు ఉండవు. ‘ఇది చుట్టాల కోసం పెట్టిన వైఫై వదినా, నెలాఖరుకు పాస్‌వర్డ్ మారుస్తుంటాం. మళ్లీ కావాలంటే అడగండి’ అంటే చాలు. మార్చిన రోజున ఎవరినో పొమ్మన్నట్టు ఉండదు, ఆనవాయితీ అనుకుంటారు. మీరు అడగాల్సి వచ్చిన రోజునా ఇదే మర్యాద. అసలు పాస్‌వర్డ్ చెప్పబోతుంటే ఆపి, ‘మీ రూటర్‌లో గెస్ట్ ఉందేమో చూడండి అన్నయ్యగారూ, నాకు అది చాలు’ అనండి. ఎలా పెట్టాలో వాళ్లకు తెలియకపోతే కూర్చుని పెట్టివ్వండి.